అలవాటు పెట్టె

2091లో విశాఖపట్నంలో రోడ్లకు కూడా ఆటుపోట్లు ఉండేవి. సముద్రం పాత తీరపు రోడ్డును సగం తినేసింది. మిగిలిన సగం మీదికి పోటు వేళకు అరచేతి మందం నీళ్లు వచ్చి, కాసేపుండి, వచ్చిన దారినే పోయేవి. ఆ కాసేపూ కార్లకు పైన ఒక ఆకాశం, కింద ఒక ఆకాశం. తొందర ఉన్నవాళ్లంతా స్తంభాల మీద కట్టిన గాలిదారిలో పోయేవారు. నీటిదారిన వచ్చేది తీరిక ఉన్నవాళ్లు, చాదస్తం ఉన్నవాళ్లు.

డాక్టర్ ఇందుమతికి తీరిక లేదు. అయినా రోజూ నీటిదారినే ఇంటికి వచ్చేది. ఆటుపోట్ల పరిశీలన కేంద్రంలో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆవిడది. నీటి మట్టం కళ్లారా చూసుకోవాలి కదా అనేది. దారి పొడుగునా సెన్సర్లు ఉండగా కళ్లతో పనేమిటని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

నాలుగు నెలల కిందట ఆవిడ ఒక పాత కారు కొంది. పొగమంచు రంగు, లోపలి మనిషి బయటికి కనిపించని అద్దాలు. అన్నీ బాగున్నాయి, గేర్లు తప్ప.

కార్లు వాటంతట అవే నడిచే ముచ్చట అప్పటికి తీరిపోయింది. జనం మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటామన్నారు, గేర్ల బాధ మాత్రం వద్దన్నారు. అప్పుడు వచ్చింది అలవాటు పెట్టె. వెనకటి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ వేగం, బరువు, ఎత్తుపల్లాలు చూసి గేరు మార్చేది. అలవాటు పెట్టె వాటితోపాటు మనిషిని కూడా చూస్తుంది. స్టీరింగ్ మీద వేళ్ల పట్టు, సీటుకు తెలిసే ఊపిరి, పెడల్ మీద పిక్క బిగింపు, ఈ మూడూ కలిపి, కాలు చేయబోయే పనిని కాలుకన్నా రెండు సెకన్ల ముందే పసిగడుతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని పూర్వస్పర్శ అన్నారు. నెల రోజులు నడిపితే చాలు, బండి మన మనిషైపోతుంది.

ఇందుమతి కారు మాత్రం ఎవరో పరాయి మనిషిలా ఉంది. గాలిదారిలో బుద్ధిగానే నడిచేది. నీటిదారిలో, పాత లైట్‌హౌస్ దాటాక, తిన్నని చదును రోడ్డు మీద ఉన్నట్టుండి ఐదో గేరు నుంచి రెండో గేరుకు దిగిపోయేది. యాభై గజాలు నిద్రలో నడుస్తున్నట్టు నడిచి, ఒక్క కుదుపుతో మళ్లీ పైగేరు అందుకునేది. ఆ కుదుపుకు వెనక సీట్లో ఉన్న గాజు కొలమానాలు రెండుసార్లు పగిలాయి.

ఆవిడ సైంటిస్టు కనుక నోటుబుక్కు పెట్టింది. వేడి, గాలి, నీటి లోతు, టైర్ల ఒత్తిడి అన్నీ రాసింది. ఏదీ కుదరలేదు. చివరికి తప్పు పాత యజమానిదే అని తేల్చింది. ఆ యాభై గజాల్లో తొమ్మిది ఇళ్లున్నాయి. వాటిలో ఎవరో అతనికి కావలసినవాళ్లు అయి ఉండాలి. అతనికి అరవై ఏళ్లుంటాయనీ, ఎన్నాళ్లుగానో ఒకావిణ్ణి చూసుకుంటూ పోయేవాడనీ ఊహించింది. కారు నెమ్మదించినప్పుడల్లా, "మహానుభావా, దిగి ఆ తలుపేదో తట్టి ఉండకూడదా?" అని అతన్ని విసుక్కునేది. విసుక్కుంటూనే అతని మీద జాలిపడేది.

ఆ తొమ్మిదిళ్లలో ఏడోది తన అక్క భానుమతిది. ఆ సంగతి నోటుబుక్కులో లేదు. సైన్సుకు సంబంధం లేని విషయం కదా.

అక్కాచెల్లెళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. ఆ ఏడాది పెద్ద అల వస్తుందని ఇందుమతి చెబితే రెండు వేల మందిని ఊరు దాటించారు. అల రాలేదు. నెల తిరక్కుండా అక్క గృహప్రవేశం. నిండు పంక్తిలో భానుమతి సరదాకే అంది, "మా చెల్లి చెప్పిన అల ఇంకా దార్లోనే ఉంది, అందాకా పప్పు వడ్డించండి" అని. పంక్తంతా నవ్వింది. ఇందుమతి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. చెల్లెలు అందరి ముందూ నవ్వులపాలైంది. అక్క కొత్త ఇంట్లో మొదటి భోజనం ఎంగిలి విస్తరై మిగిలింది. తప్పు అవతలివాళ్లదే కనుక ముందు అవతలివాళ్లే పలకరించాలని ఇద్దరూ కూర్చున్నారు.

ఈ అమావాస్య పోటుకు ఆ వీధి మునిగిపోతుంది. శుక్రవారానికల్లా తొమ్మిదిళ్లూ ఖాళీ చేయాలన్న హెచ్చరిక మీద సంతకం ఇందుమతిదే. శుక్రవారం దాటితే అక్క ఏ ఊళ్లో ఉంటుందో కూడా ఆవిడకు తెలియదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ కారును పైడిరాజు దగ్గరికి తీసుకెళ్లింది. పైడిరాజు గేరు వైద్యుడు. అలవాటు పెట్టెలు పుట్టిన నాటి నుంచీ వాటి జ్ఞాపకాలు చదివి సరిచేస్తున్న ఇంజనీరు.

"పాత యజమాని అలవాట్లన్నీ తుడిచెయ్యండి. అతని బాధలు మొయ్యడం నావల్ల కావడం లేదు," అంది.

"తుడిచీడం ఒక్క నిమిషం పనమ్మా. ముందు చదవనీండి," అని పైడిరాజు తీగ తగిలించాడు.

చదివే యంత్రం నెమ్మదైన గొంతుతో చెప్పింది. "పాత యజమాని జ్ఞాపకాలు లేవు. అమ్మకానికి ముందే తుడిచివేయబడినవి."

"సరిగ్గా చదవమనండి."

"మళ్లీ చదివినా అదే చెప్తాదమ్మా. ఇందులో ఉన్నయి నాలుగు నెలల అలవాట్లు. అన్నీ మీయే." పైడిరాజు తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఇదిగో, లైట్‌హౌస్ దాటేక మీ ఊపిరి ఆగతంది. పిక్క బిగుసుకుంటంది. బ్రేకు తొక్కబోతన్నారని బండి అనుకుని గేరు దించీసి మీకోసం సిద్ధంగా ఉంటంది. మీరేమో తొక్కరు. యాభై గజాలు చూసి, ఇంక తొక్కరని తెలిసి పైకెళ్లిపోతంది. అదే ఆ కుదుపు."

ఇందుమతి తెర మీంచి చూపు తిప్పుకుంది. ఆవిడకు సిగ్గేసింది.

"ఏటీ అనుకోకండమ్మా. పాత బండి తెచ్చినోళ్లందరూ ముందు యజమాని మీదే చెప్తారు. నిజం చెప్పీసేక, సగం మంది మరింత గట్టిగా తుడిచీమంటారు." అతను మీట మీద వేలుంచాడు. "తుడిచీమంటారా?"

తుడిచేస్తే కారు ఆ వీధిని ఐదో గేరులో దాటిపోతుంది. ఇంకెప్పుడూ ఏదీ పగలదు.

"వద్దు," అంది.

సాయంత్రం పోటు అప్పుడే ఎక్కుతోంది. చక్రాల కింద నీళ్లు చప్పుడు లేకుండా విడిపోతున్నాయి. ఇళ్లన్నీ తలకిందులుగా నీళ్లలో ఊగుతున్నాయి. లైట్‌హౌస్ దాటింది. కారు ఐదు నుంచి రెండుకు దిగింది. ఈసారి ఇందుమతి పిక్క బిగించి ఊరుకోలేదు. బ్రేకు తొక్కింది. కారు కుదుపు లేకుండా ఏడో ఇంటి ముందు ఆగింది.

ఎనిమిదిళ్ల తలుపులకు తాళాలున్నాయి. ఏడో ఇంటి మెట్ల మీద, తాళ్లతో కట్టిన పెట్టెల మధ్య భానుమతి కూర్చుని ఉంది. కారు తలుపు తెరుచుకోవడం చూసి లేచింది. నీళ్లలోకి దిగిన మనిషిని చూసి ఒక మెట్టు కిందికి వచ్చింది.

"నువ్వా?" అంది.

"ఇంకా వెళ్లలేదేమక్కా? రేపే కదా గడువు."

"నువ్వు సంతకం పెట్టేవని చూసిన రోజే, వీధిలో అందరికన్నా ముందు నేనే సర్దీసేను. ఈసారి నువ్వన్నది నవ్వులాటగా తీసుకోలేదే." భానుమతి కొంగుతో మొహం తుడుచుకుంది. "రోజూ ఈ కారొచ్చి ఇక్కడ నెమ్మదిస్తాది. లోపలెవరో కనపడరు. ఎవరికోసమో గానీ అదృష్టవంతులనుకునేదాన్ని. తొమ్మిదిళ్లలో ఎవరా అని లెక్కేసేదాన్ని. మొన్నటికి ఎనిమిదీ ఖాళీ అయిపోయేయి. అయినా నిన్న కూడా నెమ్మదించింది. మరింకెవరికోసమే? చూసి వెళ్దామని ఆగేను."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇందుమతి అంత సులువైన లెక్క చూడలేదు. తొమ్మిదిలోంచి ఎనిమిది తీసెయ్యడం ఇన్నాళ్లూ ఆవిడకు చేతకాలేదు.

నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి. ఇందుమతి రెండో మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, ఆకలేస్తోంది. తినడానికేమైనా ఉందా?"

భానుమతి వంగి, గిన్నెల పెట్టెకు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది.