గొడుగు కింద బ్యాంకు

"మా నాన్నతో అకౌంట్ తెరిపించింది మీరేనా?"

నీలం గొడుగు కింద కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు. ఎదురుగా తెల్లకోటు నిండా పిల్లి వెంట్రుకలతో డాక్టరమ్మ. వీధి చివర కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేది ఆమే. రోజూ ఆ క్లినిక్ ముందు నుంచి వెళ్లేటప్పుడు అతని కాళ్లు వాటంతటవే నెమ్మదించేవి. ఆమే వచ్చి పలకరించిందన్న సంబరం ఆ గొంతు వినగానే సగం చచ్చింది.

కొత్త ఆన్‌లైన్ బ్యాంకు ఒకదానికి ఖాతాదారులను చేర్చడం అతని ఉద్యోగం. ఒక బల్ల, ఒక గొడుగు, రోజంతా నవ్వు మొహం. వీధిలో అందరికీ అతను గొడుగబ్బాయే. అవునండీ నేనేనని ఒప్పుకుని, తమ బ్యాంకు ఇచ్చేంత వడ్డీ ఇంకెవరూ ఇవ్వరని అలవాటైన పాఠం అందుకున్నాడు.

"వడ్డీ సంగతి నేనడగలేదు. మీ బ్యాంకుకి లైసెన్స్ ఎవరిచ్చారు? రేపు మూతపడితే మా డబ్బుకి పూచీ ఎవరు?"

"అన్నీ మా వెబ్‌సైట్‌లో ఉన్నాయండీ."

"దొంగ తన గుమ్మానికి దొరగారని బోర్డు తగిలించుకుంటే నమ్మేస్తారా?"

పక్కనున్న టైలర్ పిన్నిగారు కిసుక్కున నవ్వింది. గొడుగబ్బాయికి ఒళ్లు మండింది. సాయంత్రంలోగా రుజువు చూపిస్తానని పంతం పట్టాడు.

ఇంటికి వెళ్లి దేశపు కేంద్ర బ్యాంకు సైట్ తెరిచాడు. లైసెన్స్ ఉన్న బ్యాంకుల జాబితా అంతా వెతికాడు. తమ పేరు లేదు. ఒక్క అక్షరం తేడాతో మాత్రం ఒక పాత బ్యాంకు ఉంది. వాళ్లకు ఫోన్ చేస్తే, అలాంటి ఆన్‌లైన్ శాఖ తమకేదీ లేదని చెప్పారు.

అతను అందరికంటే ముందు చేర్పించింది తన తల్లినే. ఆవిడ డబ్బు వెనక్కి తీసుకుందామని యాప్‌లో నొక్కితే, ముందు విడుదల రుసుము కట్టమని మెసేజ్ వచ్చింది. మేనేజర్‌ని ఫోన్‌లో అడిగితే, చేర్చడం వరకే నీ పని, ఆరాలు నీకెందుకని విసుక్కున్నాడు. మళ్లీ చేస్తే ఫోన్ ఆఫ్.

గొడుగు మడిచి ఊరు దాటిపోవచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. కాని అతను క్లినిక్‌కే వెళ్లాడు. డాక్టరమ్మ ఒక కుక్క కాలికి కట్టు కడుతోంది.

"మీరన్నదే నిజమండీ. అది నకిలీ బ్యాంకు. మీ నాన్నగారి డబ్బూ, మా అమ్మదీ, ఈ వీధిలో ఇంకొంతమందిదీ నా చేతుల మీదుగానే వెళ్లింది."

నాలుగు దులిపేద్దామనుకున్న డాక్టరమ్మ అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఈ కుక్కని కదలకుండా పట్టుకోండి. కట్టు అయ్యాక ఫోన్లు చేద్దాం" అంది.

సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. మేనేజర్ పంపిన మెసేజులన్నీ అతను వాళ్లకు అప్పగించాడు. తర్వాత జోరు వానలో ఇంటింటికీ బయల్దేరారు. వాళ్ల అసలు బ్యాంకు కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేయించడం, యాప్ తీసేయించడం, పాస్‌వర్డ్ మార్పించడం, పోయిన డబ్బు తెచ్చిపెడతామంటూ ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దనడం, ఇదే పని. టైలర్ పిన్నిగారు నోటికొచ్చినట్టు తిట్టింది. అతను తల వంచుకుని విన్నాడు. ఇద్దరికీ ఒకటే గొడుగు. అది తనవైపే ఒరిగి ఉందనీ, అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయిందనీ డాక్టరమ్మ గమనించింది. కాస్త దగ్గరగా జరిగింది, అంతే.

ఈమధ్యనే కట్టిన డబ్బును పోలీసులు దాటిపోకుండా ఆపగలిగారు. డాక్టరమ్మ తండ్రిది మొత్తం వచ్చింది, టైలర్ పిన్నిగారిది చాలావరకు వచ్చింది. అతని తల్లిది మాత్రం రాలేదు. ఆవిడ మర్నాడు కంచంలో అన్నం వడ్డిస్తూ, పారిపోకుండా నిలబడ్డావు, నాకది చాల్లేరా అంది.

అతను మందుల షాపులో పనికి కుదిరాడు. సాయంత్రాలు క్లినిక్‌లో కుక్కల్ని పట్టుకోవడం, పిల్లులతో గీరించుకోవడం మామూలైపోయింది.

డాక్టరమ్మ తండ్రి పట్టు వదిలే మనిషి కాదు. ఆన్‌లైన్ బ్యాంకు కావాల్సిందేనని, ఈసారి ఇద్దరూ కలిసి చూసిపెట్టమని పురమాయించాడు. ఆమె లైసెన్సూ, డిపాజిట్ బీమా చూసింది. అతను హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, తిక్క ప్రశ్నలు వేసి, అవతల మనిషే ఉన్నాడని తేల్చుకున్నాడు. వారం రోజుల కీచులాట తర్వాత ఒకటి ఖాయమైంది.

పెద్దాయన కళ్లజోడు తీసి, "బ్యాంకుని ఇంత జల్లెడ పట్టావు కదమ్మా. మరి ఈ అబ్బాయి సంగతేంటి?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"మీరంటే నాకిష్టమండీ. ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఎన్నాళ్లయినా ఆలోచించుకోండి. కాదన్నా నేనేమీ అనుకోను."

డాక్టరమ్మ అతన్ని తేరిపార చూసింది. ఆమె బుగ్గ మీద సొట్ట పడింది.

"మోసం చేసేవాడెప్పుడూ తొందరపెడతాడు" అంది. "మీరు పెట్టలేదు. అందుకే ఇప్పుడే చెప్తున్నాను. నాకూ ఇష్టమే."