ఐదో జీపు

పోలీసు చర్య జరిగి రెండో ఏడు నడుస్తోంది. సైన్యం వేలంలో వదిలించుకున్న పాత జీపులు సికింద్రాబాదు మెకానిక్కుల చేతుల్లో పడ్డాయి. వాళ్లు ఊరుకుంటారా? పైకప్పులు పీకి, బరువు తగ్గించి, తిరుమలగిరి మైదానం చుట్టూ ఉన్న రోడ్డు మీద పందేలు మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం పందెంలో ఐదు జీపులు. ఒకదాన్ని రిచర్డ్ నడుపుతున్నాడు. మెట్టుగూడలో అతనికి చిన్న మోటారు షెడ్డు ఉంది. భార్య ప్రేమమణి నర్సు. మొగుణ్ణి ఆపలేనని తెలిసి, మందుల పెట్టె పట్టుకుని తనే ప్రథమ చికిత్స గుడారంలో కూర్చుంది. ఏడవడం, బతిమాలడం ఆమెకు చేతకావు.

కిందటి వానాకాలం ఇదే పందెంలో లూకా అనే డ్రైవరు సిపాయిలుండే బారకాసుల వెనక మలుపులో కాలవలోకి బోల్తాపడ్డాడు. బండి చెడి ఇంటికి పోయుంటాడని అందరూ అనుకున్నారు. తెల్లారి చూస్తే మోకాలి లోతు నీళ్లలో, బండి కింద శవమై ఉన్నాడు. అప్పట్నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జీపులు గుడారం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ జెండా పట్టినవాడు ఒక లెక్క, నర్సు ఒక లెక్క పైకి చెప్పాలి. రెండూ కలవాలి. ఒక్కటి తగ్గినా పందెం ఆపి వెతకాలి.

"జీపుల మీద నంబర్లు సున్నంతో వేశారేం?" అని ప్రేమమణి పొద్దున్నే అడిగింది.

"ముసురుకు నూనె రంగు ఆరుతలేదు సిస్టరమ్మా," అన్నాడు జెండా పట్టే మధుసూదన్. "అయినా నంబరుతోని ఏం పని? లెక్క కుదిరితే సాలు."

జెండా దిగీ దిగగానే వాన దంచికొట్టింది. మొదటి చుట్టు తిరిగొచ్చేసరికి నంబర్లు పాలలా కారి బంపర్ల మీద చారలయ్యాయి. రెండో చుట్టుకు ఆ చారలూ లేవు. అన్నీ ఒకే పచ్చ రంగు, ఒకే బురద. డ్రైవర్లందరికీ కళ్లద్దాలు, మూతికి రుమాలు.

"ఐదు!" అని అరిచాడు మధుసూదన్.

"ఐదు," అంది ప్రేమమణి.

గుడారం దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపుతానన్నాడు రిచర్డ్. రెండుసార్లు ఊపాడు. తర్వాతి చుట్టులో ఎవరూ ఊపలేదు. జారుడు రోడ్డు, స్టీరింగ్ వదలకూడదు, మంచిదే అనుకుంది. ఆ తర్వాతా ఊపలేదు. గుడారంలో తడిసిన గుడ్డ వాసన, టింక్చరు వాసన. ఉన్నట్టుండి కాలవ బురద వాసన కూడా వచ్చింది. కాలవేమో మైదానానికి అవతల ఉంది.

"మధుసూదన్, మా ఆయన కనిపించాడా?"

"ఎవలు ఎవలో నాకేం తెలుస్తది? ఐదు పోయినయ్ గద. పరేషాన్ గాకున్రి. జెర లోపలికి జరగున్రి, తడుస్తున్నరు."

నిజమే, ఐదు. ఆమె కూడా లెక్కపెట్టింది. ఆస్పత్రిలో ఇన్నేళ్లు పనిచేశాక ఆమె భయం ఎక్కడో అడుగున మొద్దుబారి పడి ఉంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మళ్లీ ఐదు. మళ్లీ ఐదు.

చీకటి పడబోతుండగా ఆఖరి జెండా ఊపారు. నాలుగు జీపులు వచ్చి ఆగాయి. డ్రైవర్లు నవ్వుకుంటూ, తిట్టుకుంటూ దిగి కళ్లద్దాలు తీశారు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది ప్రేమమణి. రిచర్డ్ లేడు.

"ఐదోది ఎనకాల్నే ఉండె," అన్నాడు మధుసూదన్. "ఇగో... వస్తున్నది."

ఐదోది వచ్చింది. ఆగలేదు. గుడారం ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. ఇంజను చప్పుడు లేదు. చక్రాల కింద నీళ్లు చీలుతున్న చప్పుడు ఒక్కటే... సీటులో ఎవరో ఉన్నారు. వాన అతని మీద పడుతోంది గానీ అతని మీంచి కారడం లేదు.

"ఐదు..." అన్నాడు మధుసూదన్.

ప్రేమమణి లాంతరు అందుకుని మలుపు వైపు పరుగెత్తింది. డ్రైవర్లు ఆమె వెనకే పరుగెత్తారు.

కాలవలో జీపు తిరగబడి ఉంది. ఇంజను మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. ఎప్పుడో ఆరిపోయింది. దాని కింద రిచర్డ్. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

అందరూ పట్టి జీపు ఎత్తారు. అతన్ని గట్టు మీద పడుకోబెట్టి, స్ట్రెచరు కోసం వెనక్కి పరుగెత్తారు. కాలు విరిగింది. బతుకుతాడు. ప్రేమమణి నాడి చూస్తూ ఆ మాటే చెప్పింది, వార్డులో ఎవరికో చెప్పినట్టు.

అతను చెయ్యి లాక్కున్నాడు.

"ఎందుకు మూశావు మణీ?" గొంతు గుసగుసలా వచ్చింది.

"ఏంటండీ మూసింది?"

"నా నోరు. బండ్లు పోతుంటే అరిచాను. ప్రతి చుట్టుకీ అరిచాను. నువ్వు పక్కనే కూర్చుని... నోరు మూశావు. లెక్క సరిపోయింది, ఊరుకో అన్నావు."

"నేను గుడారంలోంచి కదల్లేదండీ."

"నీ మొహం నాకు తెలీదా?"

తలకు దెబ్బ తగిలినవాళ్లు ఇలాగే మాట్లాడతారు. ఆమె ఎందరినో చూసింది. లాంతరు దగ్గరికి పెట్టింది. అతని ఎడమ చెంప మీద నాలుగు వేళ్లు కమిలి ఉన్నాయి. కుడి చెంప మీద బొటనవేలు. చిన్న చెయ్యి. ఆడ చెయ్యి.

కాదని చూపిస్తే అతను కుదుటపడతాడనుకుంది. తన చెయ్యి తెచ్చి ఆ గుర్తుల మీద ఆనించింది. ఒక్కొక్క వేలూ దాని చోట్లో అది కూర్చుంది.

రిచర్డ్ కళ్లు పెద్దవయ్యాయి.

"కాదండీ... చూడండి, తీసేస్తున్నాను," అంది.

తీయబోయింది.

చెయ్యి రాలేదు. మణికట్టు కింద అసలు చెయ్యే లేనట్టుంది. చలి లేదు, తడి లేదు. అరచేతికి అతని వెచ్చటి ఊపిరి తగలాలి. అదీ తగల్లేదు.

వేళ్లు మాత్రం అతని నోటి మీద ఇంకాస్త బిగుసుకున్నాయి.