తొలినీటి పూలు

శవం వాగు మలుపులో, రెండు బండల మధ్య బోర్లా పడి ఉంది. చొక్కా మీంచి సారా వాసన గుప్పుమంటోంది. పక్కనే ఖాళీ సీసా.

గట్టు మీద షామియానా ఇంకా విప్పలేదు. శృంగవరపుకోట దాటాక, ఆ కొండవాగు మీద కట్టిన మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రానికి ఆ ఉదయమే ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి భోంచేసి, కారెక్కి వెళ్ళాకే శవం సంగతి పోలీసులకి చెప్పారు. అంత మర్యాద తెలిసిన మనుషులు!

"పేరు గంగులు. మా హెల్పర్," అన్నాడు మేనేజర్ పృథ్వీరాజ్. "రాత్రి తాగి వాగులో పడుంటాడు. ఇవాళ డ్యూటీకే రాలేదు మేడమ్."

"పడటం చూసినవాళ్ళున్నారా?" ఇన్‌స్పెక్టర్ సుహాసిని అడిగింది.

"తాగుబోతుని ఎవరు చూస్తారు?"

"అబద్దం!" గంగులు భార్య గున్నమ్మ కానిస్టేబుల్‌ని తోసుకుని వచ్చింది. "పొద్దుట అంబలి తాగి పనికెల్లినాడు. నా మొగుడు సారా ముట్టడమ్మా. సచ్చినోడు ఎలాగూ రాడు. తాగి సచ్చినాడని మాత్రం రాయకండి. రేపు నా పిల్లల్ని తాగుబోతు పిల్లలంటారు."

కేసు త్వరగా క్లోజ్ చెయ్యమని సుహాసినికి అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. మూడోది మోగింది. కట్ చేసింది. ఒళ్ళు మండిపోతోంది ఆమెకి.

శవం పక్కన గొంతుక్కూర్చుంది. చొక్కా, లుంగీ తడిసి ముద్దయ్యాయి. నడుముకి తువ్వాలు బిగించి కట్టి ఉంది. దాని మడతలు విప్పింది. లోపల మూడు బంతిపూలు. రేక కూడా ఊడలేదు. వాటికి పసుపు అక్షింతలు అంటుకుని ఉన్నాయి.

"ప్రారంభోత్సవం కదా మేడమ్, ఎక్కడ చూసినా పూలే," పృథ్వీరాజ్ నవ్వాడు.

సుహాసిని పూలని ఎవిడెన్స్ కవర్లో వేసి కొండ ఎక్కింది.

పైన కాలవ. దానికి అడ్డంగా గేటు. గేటు దాటితే సిమెంటు తొట్టి, తొట్టి చివర ఇనప జల్లెడ. జల్లెడ వెనకనుంచే పైపు కిందికి, టర్బైన్‌కి దిగుతుంది.

"పూలు ఎక్కడ వేశారు పంతులుగారూ?"

"గేటుకి ఎగువన, ఈ కాలవలోనేనమ్మా," అన్నాడు పురోహితుడు వేంకటాచలం. "గంగపూజ చేసి బుట్టెడు బంతిపూలూ, అక్షింతలూ నీళ్ళలో వదిలేను. తొలినీటికి అదే పద్ధతి."

"వాగులో వేశారా?"

"లేదమ్మా. హారతి పళ్ళెంతో కిందికి పరిగెత్తేను. ముహూర్తం పది ఇరవై నాలుగు."

సుహాసిని తొట్టిలోకి తొంగిచూసింది. బంతిపూలన్నీ జల్లెడ ముందు గుట్టగా ఆగి ఉన్నాయి.

సాయంత్రం పవర్‌హౌస్‌లో అందరినీ కూర్చోబెట్టింది. పృథ్వీరాజ్, పురోహితుడు, పైన గేటు చూసే ఇంజనీర్ యుగంధర్. గుమ్మంలో గున్నమ్మ.

"గంగులు రాత్రే పోయాడన్నారు. ఈ పూలు పొద్దున నీళ్ళలో వేసినవి. ఎలా వచ్చాయి?"

"నీళ్ళతో పాటు వాగులోకి కొట్టుకొచ్చుంటాయి," అన్నాడు పృథ్వీరాజ్.

"మీ జల్లెడ ఆకునే దాటనివ్వదు. పూలు దాటినా టర్బైన్‌లో నుజ్జయ్యేవి. ఇవి చెక్కు చెదరలేదు. అంటే గేటు ఎత్తినప్పుడు గంగులు తొట్టిలో ఉన్నాడు. ప్రాణాలతో. నీళ్ళు అతన్ని జల్లెడకేసి నొక్కేశాయి. శవాన్ని మీరే వాగులోకి మోశారు. వాగులో తడిసిన చొక్కాకి అంత సారా వాసన ఉంటుందా? తరవాత పోశారు!"

యుగంధర్ రెండు చేతులూ జోడించాడు.

"జల్లెడకి ఆకులు పట్టేసినాయి మేడమ్. తియ్యడానికి గంగుల్ని దింపింది నేనే. ఆడింకా ఎక్కనేదు, ఆగండి సార్ అని పృథ్వీరాజ్ గారికి ఫోన్లో చెప్పేను."

"ఏమన్నాడు?"

"ముహూర్తం దాటిపోతుంది, ఎత్తరా, వాడే ఎక్కుతాడు అన్నారు. ఎత్తీసేను. ఆడి అరుపు నాకు వినపడ్డాది మేడమ్. కింద తప్పెటగుళ్ళు వాయిస్తన్నారు, ఎవులికీ వినపడనేదు. గెస్టు ఎల్లేదాకా గేటు దించొద్దన్నారు."

వేంకటాచలం లేచి నిలబడ్డాడు. "నన్నొక్క మాట అడిగితే మధ్యాహ్నం ఇంకో ముహూర్తం పెట్టేవాణ్ణి కదయ్యా!"

పృథ్వీరాజ్ ఫోన్ తీశాడు. "మేడమ్, పైవాళ్ళతో ఒకసారి..."

సుహాసినికి అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఫోన్ లాక్కుని, అతనికీ యుగంధర్‌కీ బేడీలు వేయించింది. "రా. జైలుకి ముహూర్తం అక్కర్లేదు."

జీపు వెళ్ళాక గున్నమ్మ దగ్గరికొచ్చింది.

"తాగనేదని రాసేరా అమ్మా?"

"రాశాను."

గున్నమ్మ తలూపింది. తన అరచేతులకేసి చూసుకుంది.

"బల్బులు ఎలగ్గానే అందరూ సప్పట్లు కొట్టినారు. మా ఇంటాయన సేసిన కరెంటని నానూ కొట్టినానమ్మా. అందరికన్నా గట్టిగా కొట్టినాను."