మొదటి గాటు

రుక్కమ్మ వాకిట్లో మిల్లు బూడిద ఊడుస్తోంది. మిర్యాలగూడలో మిల్లుల పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళకు తెల్లవారితే ఇదొక పని. రాత్రంతా కాలిన ఊక నల్లటి నుసై వచ్చి గచ్చు మీద, దండెం మీద, బోర్లించిన బిందెల మీద పేరుకుంటుంది. నీళ్ళు చల్లకుండా చీపురు ఆడిస్తే లేచి మళ్ళీ ముఖానికే కొడుతుంది. అందుకని ఆమె చెంబుతో నీళ్ళు చిలకరించి, వంగి, మెల్లగా గేటు వైపు ఊడ్చుకుంటూ పోతోంది.

"అత్తయ్యా, కత్తిపీట ఎక్కడ పెట్టారు?" వంటింట్లోంచి కోడలు స్వర్ణ అడిగింది.

రుక్కమ్మ వినపడనట్టు చీపురు ఆడించింది. కత్తిపీట స్నానాల గది వెనక బోర్లించిన గంప కింద ఉంది. కోడలు లేవకముందే తనే తీసుకెళ్ళి పెట్టింది. ఎనిమిది రోజులుగా పొద్దున్నే ఇదే పని చేస్తోంది.

ఎనిమిది రోజుల కింద ఒక కాయ ఇంట్లోకి వచ్చింది. స్వర్ణతో పాటు బడిలో పాఠాలు చెప్పే కల్పన టీచర్ హైదరాబాద్ వెళ్ళి తెచ్చిచ్చింది. పసుపుపచ్చగా, దోసకాయకు అన్నలా పొడుగ్గా, చెక్కలా గట్టిగా ఉంది. దాన్ని నిలువునా చీల్చి, గింజలు తీసి, నూనె రాసి ఎయిర్ ఫ్రయ్యర్‌లో పెడితే లోపలి కండ సేమ్యాలా పోగులు పోగులుగా విడిపోతుందట. అన్నానికి బదులు అది తినొచ్చట.

స్వర్ణకు ఆరో నెల. కడుపుతో ఉండగా షుగర్ వచ్చింది. "అన్నం బాగా తగ్గించు. ఇంకో వారం చూస్తా, దిగకపోతే సూది తప్పదు" అని నిన్న దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పడం సులువే. మిల్లుల్లో వడ్లు ఉడుకుతుంటే ఆ వాసన మూడు పూటలా కిటికీలోంచి వస్తుంది. నిన్న సాయంత్రం ఆ వాసనకు స్వర్ణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడవడం రుక్కమ్మ చూసింది. చూసి కూడా ఈ రోజు కత్తిపీట దాచింది.

స్వర్ణ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేయి నడుము మీద, రెండో చేతిలో ఆ కాయ.

"అత్తయ్యా, మిమ్మల్నే. ఈ రోజన్నా కోసిపెట్టండి. నా వల్ల కావడం లేదు, చాకు దిగట్లేదు."

"రాత్రికి వీరేశం వస్తడు గద బిడ్డా. వాడు కోస్తడు."

"మొన్న ఆయన కోస్తానంటే దీపాలు పెట్టినంక గుమ్మడికాయ కొయ్యొద్దన్నది మీరే. ఆదివారం చూద్దామంటే ఆయనకు కరెంటు ప్లాంటులో డ్యూటీ పడింది. ఐదింటికే దామరచర్ల బస్సెక్కే మనిషి ఎప్పుడు కోస్తాడండీ? అయినా ఇది గుమ్మడికాయ కాదు. స్పగెట్టి స్క్వాష్ అంటారు."

"పేరేదైతేంది? తొడిమె సూడు. గుమ్మడి తొడిమెనే. గుమ్మడంటే పెద్దకొడుకు లెక్క. ఆడోళ్ళు మొదటి గాటు పెట్టొద్దు, కడుపుతోనున్నోళ్ళు సూడనే సూడొద్దు."

స్వర్ణది కోదాడ. ఎంత కోపం వచ్చినా 'అండీ' మాత్రం వదలదు.

"అయితే నేను సూదులు పొడిపించుకోవాలాండీ? నా బిడ్డ కంటే మీకు ఆ మాటే ఎక్కువా?"

రుక్కమ్మ చీపురు ఆగింది. మళ్ళీ వంగి ఊడవడం మొదలుపెట్టింది.

వేపచెట్టు కింద నులక మంచం మీద గట్టయ్య చాయ తాగుతున్నాడు. గొర్లమంద అమ్మి పదిహేనేళ్ళవుతున్నా భుజాన గొంగడి మాత్రం ఎండాకాలం కూడా దించడు. స్వర్ణ ఆయన దగ్గరికి నడిచింది.

"మామయ్యా, మగవాళ్ళే పెట్టాలంటున్నారు కదా. మీరు ఒక్క గాటు పెట్టి ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

గట్టయ్య కాయను చూసి, భార్యను చూసి నవ్వాడు.

"ఈ ఇంట్ల గుమ్మడికాయ కొయ్యనీకి మొగోడెందుకమ్మా? మీ అత్తకు అలవాటే. ఒకపారి కోసి పెద్దకొడుకును పంపింది. అడుగు, ఇంకోపారి కోస్తదేమో."

స్వర్ణకు ముందు అర్థం కాలేదు. మొగుడి కంటే ముందు పుట్టిన పిల్లవాడొకడు చిన్నప్పుడే పోయాడని మాత్రం ఆమెకు తెలుసు. ఇంట్లో వాడి ఫోటో లేదు. వాడి పేరు ఎవరూ ఎత్తరు.

"మీరేమంటున్నారు మామయ్యా?"

"ఉన్నదే అంటున్న. మా అమ్మ అననే అన్నది. కాయ మీద పెట్టిన చెయ్యే కొడుకు పీక మీద పెట్టిందని."

రుక్కమ్మ చీపురు గోడకు ఆనించింది. ముప్పై ఏళ్ళలో ఆ మాట చాలాసార్లు విన్నది. పెళ్ళిళ్ళలో, కల్లు తాగిన రాత్రుల్లో, కూరలో ఉప్పెక్కువైన రోజుల్లో. విన్న ప్రతిసారీ తల దించుకుని పక్కకు పోయేది. ఈసారి కోడలు ఎదురుగా నిలబడి ఉంది, పోవడానికి దారి లేదు.

"అవును బిడ్డా, కోసిన" అంది రుక్కమ్మ. "సురేష్‌కు ఐదేండ్లు. మీ ఆయన నా ఒళ్ళె రెండు నెల్ల పిల్లగాడు. మీ మామ మందను తోలుకొని వాడపల్లి కాడికి, కృష్ణ ఒడ్డుకు పోయిండు. సురేష్‌కు జరమొచ్చింది. నాలుగొద్దులు ఏం తినలే. అమ్మా, గుమ్మడికాయ తీపికూర చెయ్యవే అన్నడు. ఇంట్ల మొగోడు లేడు. పిల్లగాడు నోరు తెరిచి అడిగిండని కోసిన. ఒక్క ముక్క తిన్నడు. తెల్లారి లేడు."

"జ్వరం ఏ రోజొచ్చింది?"

"సోమారం."

"కాయ ఎప్పుడు కోశారు?"

"బేస్తారం."

స్వర్ణ కాయను మంచం పట్టె మీద పెట్టి రుక్కమ్మ దగ్గరికి వచ్చింది. బడిలో చిన్నపిల్లలకు కూడికలు చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"అత్తయ్యా. సోమవారం ముందొస్తుందా, గురువారం ముందొస్తుందా? జ్వరం వచ్చిన నాలుగో రోజు కోసిన కాయ ఆ జ్వరాన్ని ఎట్లా తెస్తుంది?"

రుక్కమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆ రోజులను ఆమె ఎన్నిసార్లు లెక్కపెట్టుకుందో. కానీ పైకి, ఇంకో మనిషి నోట, వరసగా వినడం ఇదే మొదలు.

"దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదు?" స్వర్ణ మళ్ళీ అడిగింది.

"నేను బాలింతను. పసిపిల్లగాన్ని ఎవలకిచ్చి పోవాలె? పక్క తండా మంగ్త్యా అటే పోతుంటే మంగళారం పొద్దుగాల కబురు పంపిన, పిల్లగాని పానం బాగలేదు, ఉన్నపళంగ రమ్మని. మంగ్త్యా పోయిండట గని మంద దొరకలేదట. చెప్పకుంటనే మర్లి వచ్చిండని మీ మామనే అన్నడు."

"అగో, మళ్ళ నా దిక్కే తిరిగిండ్రు!" గట్టయ్య చాయ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "నేనేం కలగన్ననా? వాడొచ్చి ఉత్త జరమే అన్నడు. ఉత్త జరానికి మందనిడిశి వస్తరా ఎవలన్న? ఇంకో రెండు రాత్రులు ఆ ఊరి రెడ్డి పొలంల ఎరువుకు మంద పెడ్త అని మాటిచ్చి ఉంటి..."

ఎక్కడో లారీ వెనక్కు తిరుగుతూ కూత పెట్టింది. ఉడికిన వడ్ల వాసన గుప్పుమని వచ్చింది.

"ఎవలన్నరు?" రుక్కమ్మ అడిగింది.

గట్టయ్య గొంగడి సర్దుకున్నాడు.

"ఉత్త జరమని నీతోని ఎవలన్నరు?"

"ఎప్పటిదో ముచ్చట. ఇప్పుడెందుకు?"

"మంగ్త్యా నీ కాడికి వచ్చిండా?"

ఆయన నేల చూశాడు. అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

ముప్పై ఏళ్ళు ఆమె మంగ్త్యాను తిట్టింది. సురేష్‌ను మట్టిలో పెట్టిన మూడో రోజు అతను వాకిట్లో నిలబడి "అక్కా, నేను చెప్పిన, నా పిల్లల మీద ఒట్టు, బావకు చెప్పిన" అని మొత్తుకున్నాడు. "అబద్ధాలోడా, నా కొడుకును మింగినవ్" అని ఆమె తలుపు వేసింది. మళ్ళీ ఎప్పుడు ఎదురుపడినా ఉమ్మేసి పక్కకు జరిగింది. ఒకసారి ఎండకు వచ్చి నీళ్ళడిగితే ఇవ్వలేదు. ఊరొదిలి మిర్యాలగూడకు మారినాక అతని భార్య తమ చుట్టాల పిల్ల పెళ్ళికి పిలవడానికి వస్తే గేటు బయటే నిలబెట్టి పంపింది. నిరుడు మంగ్త్యా పోయాడని తెలిస్తే దామరచర్ల దగ్గరి తమ పాత ఊరి వాళ్ళంతా పోయినా తను పోలేదు. ఆ అబద్ధం చెప్పిన మనిషికి రోజూ వేడివేడిగా అన్నం వడ్డించింది.

ఆమె స్నానాల గది వెనక్కి నడిచింది. గంప ఎత్తి కత్తిపీట తెచ్చి గచ్చు మీద పెట్టింది. కాయ తీసుకుని పీట మీద కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్ళు చూడొద్దన్న మాట గుర్తొచ్చి స్వర్ణ ముఖం తిప్పుకోబోయింది.

"సూడు" అంది రుక్కమ్మ. "ఏం కాదు. నిలవడి సూడు."

కత్తి కాయలో సగం దిగి ఇరుక్కుంది. రుక్కమ్మ రోలు పక్కనున్న పొత్రం అందుకుని కాయ మీద కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడో దెబ్బకు కాయ రెండు చెక్కలై గచ్చు మీద దొర్లింది. లోపల లేత పసుపు కండ, నడుమ తడితడిగా గింజలు. అచ్చం గుమ్మడి గింజలే. ఆమె ఆ గింజలను చేత్తో లాగి బూడిద కుప్పలో వేసింది.

"ఇంకేం చెయ్యాలె?"

"నూనె రాయాలి. కొంచెం ఉప్పు, మిరియాల పొడి" అంది స్వర్ణ. తోటి టీచర్లు పెళ్ళికిచ్చిన ఎయిర్ ఫ్రయ్యర్ అది, ఏడాదిగా డబ్బాలోనే ఉంది. రెండు చెక్కలూ లోపల పట్టలేదు. కొసలు తరిగి ఇరికించాల్సి వచ్చింది. నూట ఎనభై మీద పెట్టి, ఇరవై ఐదు నిమిషాలు తిప్పింది.

ఆ ఇరవై ఐదు నిమిషాలు అత్తాకోడళ్ళు వంటింటి గడప మీద పక్కపక్కన కూర్చున్నారు. యంత్రం హోరుమంటోంది. రుక్కమ్మ కళ్ళ నీళ్ళు బుగ్గల మీదుగా మెడలోకి దిగుతున్నాయి, తుడుచుకోవడం లేదు. స్వర్ణ ఆమె చేయి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది.

"నేను నోరు జారాను అత్తయ్యా."

"నువ్వు కాదు బిడ్డా" అంది రుక్కమ్మ.

బయట మంచం మీద నుంచి గట్టయ్య రెండుసార్లు దగ్గాడు. మూడోసారి పిలిచాడు.

"ఓ రుక్కమ్మా. బువ్వ పెడ్తవా లేదా? పొద్దెక్కుతుంది."

చివరికి ఆయనే లేచి వచ్చి, తన కంచం తనే కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. కంచం ముందు పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు.

యంత్రం టింగుమంది. స్వర్ణ ఫోర్కుతో కండను గీరి చూపించింది. రుక్కమ్మ ఆ ఫోర్కు తన చేతిలోకి తీసుకుని, ఉన్ని ఏకినట్టు ఒకే దిక్కుగా మెల్లగా లాగింది. పోగులు పోగులుగా, బంగారు రంగులో కుప్ప పడింది. ఒక చెక్కంతా కోడలి కంచంలో పెట్టి, పైన నిన్నటి పప్పు వేడిచేసి పోసింది.

"తిను. నా ముందల తిను."

స్వర్ణ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "తియ్యగుంది అత్తయ్యా" అంది. అప్పుడు ఆమెకు కూడా ఏడుపొచ్చింది.

రుక్కమ్మ రెండో చెక్కను గీరింది. గట్టయ్య కంచం కొంచెం ముందుకు జరిపాడు. ఆమె అటు చూడలేదు. అటక మీది స్టీలు డబ్బా దించి, దులిపి, ఆ పోగులన్నీ అందులో వేసి మూత బిగించింది. ముఖం కడుక్కుంది. దండెం మీది తువ్వాల మీద మళ్ళీ నుసి పడి ఉంటే విదిలించి తుడుచుకుంది. చెప్పులేసుకుని డబ్బా చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

రుక్కమ్మ కోడలి తల మీద ఒకసారి చేయి వేసింది.

"యాడికే?" గట్టయ్య లేవబోయాడు. మోకాళ్ళు పట్టుకున్నాయి. "రుక్కమ్మా, వాడు పోయి ఏడాదాయె. ఇప్పుడు ఆ తండాకు పోయి, వాని పెండ్లానికి ఏమని చెప్తవే? నా మాట ఇను... నా బువ్వ?"

రోడ్డు మీద దామరచర్ల బస్సు ఆగి హారన్ కొడుతోంది. రుక్కమ్మ ఆయన ఖాళీ కంచాన్ని దాటి, తను ఊడ్చిన వాకిట్లోంచి నడిచి, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.