అగ్గిపెట్టె ఫోన్లో లేని బటన్

ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో, రేవు పక్కనున్న ఆ ఆఫీసులో, మూలగదికి మంచి పేరు లేదు. గోడకో అలమర, దాన్నిండా ఫోన్లు... పెద్దవీ, చిన్నవీ, ఓటివీ. ఏ వెబ్‌సైటునైనా జనం మీదకు వదిలేముందు వాటన్నిట్లోనూ చూడాలి. ఒకదాని మీద వేలు కదిపితే అన్నీ కదిలేలా ఇంటర్నెట్‌తో ముడిపెట్టి ఉంచారు. కానీ మెర్వ్ పోయినప్పటి నుంచి, ఎవరూ ముట్టకుండానే వెలుగుతున్నాయట.

మెర్వ్ ఆ అలమరకు కాపలాదారు లాంటివాడు. అన్నిటికన్నా బుల్లిది, అగ్గిపెట్టెంత ఫోను, ఆయనదే. "ఇందులో చూడకుండా దేన్నీ వదలకు అయోనా" అని పోయేముందు కూడా చెప్పాడు.

ఆయన తర్వాత ఆ పని చూస్తున్న అయోనా వదిలేసింది. అది వరద పేజీ. బోటు కావాలంటే అందులో బటన్ నొక్కాలి. బుల్లి ఫోన్లో ఛార్జింగ్ లేదు. ఈ రోజుల్లో దాన్నెవరు వాడతార్లే అనుకుని, చూడకుండానే చూశానంది.

మర్నాడే పక్కసీటు ఫెర్గస్ తన నానమ్మ ఫోన్ని కూడా ఆ వరసకి ముడిపెట్టి, మళ్లీ ఆవిడకే ఇచ్చేశాడు. "అచ్చం మెర్వ్ ఫోనే తల్లీ. వాడేవాళ్లింకా ఉన్నారు" అని నవ్వాడు. అప్పుడైనా ఆమె నోరు విప్పలేదు.

వారం తిరక్కుండా ఏరు పొంగింది. అత్యవసర నంబరుకి లైను దొరకడం లేదని రేడియోలో చెబుతున్నారు. అందరూ వెళ్లిపోయాక, మనసు పీకుతుంటే, అయోనా బుల్లి ఫోన్ని ఛార్జింగ్‌కి పెట్టింది.

అలమరంతా వెలిగింది...

అన్నిట్లోనూ వరద పేజీ. పైకి జరుగుతోంది — కిందకి — మళ్లీ పైకి. ఎవరో వెతుకుతున్నారు.

"మెర్వ్... నువ్వేనా?"

బుల్లి ఫోన్లోకి చూసింది. బటన్ లేదు. తెర అంచు దాటి బయటకు పోయింది.

ఫెర్గస్ నానమ్మ! ఏటి ఒడ్డునే ఆవిడ ఇల్లు. అయోనా గబగబా పేజీ సరిచేసింది. బటన్ కనబడిందో లేదో — అన్ని తెరల మీదా ఒక్కసారే నొక్కారు.

ఏడుస్తూ ఫెర్గస్‌కి ఫోన్ చేసింది. "భయపడకు. మీ నానమ్మ కోసం బోటు వెళ్తోంది."

"నానమ్మా? ఇక్కడే టీ తాగుతోంది. పొద్దున్నే తెచ్చేశాగా. ఫోనొక్కటే అక్కడ మర్చిపోయింది... ఆ ఇంట్లో ఎవరూ లేరే."

అయోనా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అలమర వైపు తిరిగింది.

తెల్లారాక తెలిసింది. నానమ్మ పక్కింటి బెర్నీస్, తన ఇల్లు మునిగిపోతుంటే పిల్లనెత్తుకుని, కాస్త ఎత్తుగా ఉందని ఆ ఇంట్లోకి వెళ్లి, అక్కడున్న ఫోన్లో బోటు కోసం వెతికిందట. ఆ పొద్దున్నే ఫెర్గస్‌తో వచ్చి అయోనా చేతులు పట్టుకుంది.

"బటన్ పెట్టింది నువ్వేనటగా. చల్లగా ఉండమ్మా. నీళ్లు గుమ్మం దగ్గరున్నప్పుడు వెతకడం మొదలుపెట్టా... అది దొరికేసరికి పిల్లని భుజాల మీదకి ఎక్కించుకున్నా."

అయోనాని పట్టుకున్న ఆ చేతులు వరద నీళ్ల చలికి ఇంకా మంచులా ఉన్నాయి.