తేరిన నీళ్లు

గుణింతం తప్పితే మన్నించండి. నేను రాసేదీ నెమ్మదే, చెప్పేదీ నెమ్మదే.

పేట నీళ్లు తేర్చే కొట్టంలో, ఆరో గాజుజాడీలో మడ్డిగుత్తులు కిందికి దిగుతున్నాయి. పారమ్మ పుల్ల తిప్పడం ఆపి చూస్తూ నిలబడింది. దూదిపింజల్లాంటి గుత్తులు మట్టినంతా వాటేసుకుని అడుగున కూర్చున్నాయి. జాడీ వెనక గోడమీది మేకు కూడా కనిపించింది.

నీటి తేట కొలిచే యంత్రం, తేటకన్ను, పచ్చగా వెలిగింది. ఇక వేలిపలక మీద ఆమె బొటనవేలు పడాలి. యంత్రం ఎంత చెప్పినా, పూటపూటకూ మనిషి వేలు పడకపోతే పేట తూములు మూసుకుపోతాయి. వానలు దారి మార్చుకున్నాక వచ్చిన చట్టం అది. ఆ వేలు వేసే పని ఆరేళ్ల కిందట, భర్త పోయిన నెలలోనే, పైమేస్త్రీ తవుడన్న ఇప్పించాడు. తోడబుట్టినవాడైనా అంత చెయ్యడని ఆమె అందరితో చెప్పుకునేది.

ఈమధ్య వేలు తిమ్మిరెక్కుతోంది. పేటలో ఆడవాళ్లూ అరికాళ్లు మొద్దుబారుతున్నాయంటే, వయసని నవ్వుకున్నారు.

నీళ్లలో మట్టిని గుత్తి కట్టించే జిగురుపోగు బస్తా కొత్తది విప్పబోతూ పారమ్మ మూతిమీది అక్షరాలు కూడబలుక్కుంది. ఈమధ్య రాత్రిబడికి వెళ్తున్నప్పటినుంచి అదో అలవాటు. 'తాగునీటికి'. తవుడన్న ఎప్పుడూ వేలుపెట్టి చదివి వినిపించే మాటే. తర్వాతి మాట కుట్టు మడతలో ఉంది. విప్పింది. వా, డ, రా, దు. దానికింద, 'గని బురదకు మాత్రమే'.

తనే తప్పు చదివిందేమోనని మళ్లీ మొదలుపెట్టింది.

తవుడన్న టీ గ్లాసులతో వచ్చాడు. ఆమె వేలు ఏ మాట మీద ఉందో చూశాడు. అసలు సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయిందనీ, ఇదీ లేకపోతే పేట బురద తాగేదనీ చెప్పుకొచ్చాడు. పారమ్మ గ్లాసుకేసి చూసింది. టీకి నీళ్లు ఆయన గుట్టమీది ఊటనుంచి తెచ్చుకుంటాడు. రుచికోసమనేవాడు.

"మరి నన్నే ఎందుకెట్టినావన్నా ఈ పనిలో?"

"నీకు సదువు రాదు కదా," అన్నాడు, ఎప్పటిలాగే ఆప్యాయంగా. "ఏలెట్టీ సెల్లీ. నీళ్లు తేరిపోనాయి. నువ్వూ తేరుకో."

ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. పలక పక్కన, రాయగలవాళ్లకోసం పెట్టిన కలం ఆరేళ్లుగా దుమ్ముపట్టి ఉంది. తీసుకుని పలకమీద నాలుగక్షరాలు రాసింది. 'తేరలేదు'. చివరి కొమ్ము పక్కకు ఒరిగింది.

పలక మాత్రం సరిగ్గానే చదువుకుంది. పచ్చకన్ను ఆరిపోయింది. పన్నెండు తూములూ ఒకదాని వెనక ఒకటి మూసుకుంటున్న చప్పుడు గోడలోంచి ఇద్దరికీ వినిపించింది.

ఇది రాసింది మజ్జి నీలాచలమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది పార్వతీపురం.