దీనమ్మ కుడి చెయ్యి

అక్షయ రావులపాలెంలో బస్సు దిగేసరికి ఉదయం ఎనిమిదైంది. అరటిగెలల లారీలు దారిచ్చేసరికి ఇంకో పావుగంట. మేడమీద ఝాన్సీ ఆఫీసులోకి వచ్చి, ఖాళీగా వేలాడుతున్న జాకెట్టు కుడిచేతిని పైటతో కప్పుకుంటూ, కూర్చోకుండానే చెప్పింది.

"నా చెయ్యి పోయిందండీ."

డిటెక్టివ్ ఝాన్సీకి అసిస్టెంటు దుర్గాశ్రీనివాస్. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. "కనబడతానే ఉందమ్మా" అన్నాడు. ఝాన్సీ ఉరిమి చూసింది.

"ఇది కాదండీ. నాకు రావలసిన చెయ్యి."

ఆ సీమలో మామిడికి అంటు కట్టినట్టే మనుషులకీ కడతారు. చనిపోయినవాళ్ల చెయ్యి మంత్రం వేసి తీసి, బతికున్నవాళ్లకి అతికిస్తారు. తీసిన చెయ్యి కొబ్బరినీళ్లలో తొమ్మిది రోజులు ప్రాణంతో ఉంటుంది. అలవాటైన పని అందిస్తే చేస్తుంది కూడా. పలుకుబడి గలవాళ్లకి అవసరమైతే బతికున్నవాళ్ల చేతులూ మాయమవుతుంటాయి. అలా పోయిన చేతుల్ని వెతికిపెట్టే ఝాన్సీకి తిండి పెడుతున్నది ఆ పాపమే.

అక్షయ డ్రాయింగ్ టీచరు. ప్రమాదంలో చెయ్యి పోయి ఆవేళకి నలభై రోజులు. నలభై దాటితే గాయం మానిపోతుంది, అంటే ఆ పొద్దుగూకితే ఇక ఏ అంటూ పట్టదు. ఆమెకి రావలసినది ఈమధ్యే చనిపోయిన దీనమ్మ అనే ఆవిడ చెయ్యి. అది రెండు రోజుల కిందట కొత్తపేట అంటువైద్యుడు వీర్రాజు ఇంట్లోంచి మాయమైంది.

"జాడీ ఉందండి, చెయ్యి లేదండి" అన్నాడు వీర్రాజు, ముగ్గురూ కొత్తపేట చేరేక. "బుచ్చిరాజు గారు రోజూ వచ్చి దాన్ని చూసెళ్లేవోరండి."

బుచ్చిరాజు ఆ ఊరి రైతు. పదేళ్లుగా మొండిచేతి మీద తువ్వాలు కప్పుకునే తిరుగుతున్నాడు. "చూసేనండి. ఆశ పడితే తప్పా?" అన్నాడు.

దీనమ్మకి దానం అని ఒక అన్నయ్య ఉన్నాడు. చెయ్యి ఇవ్వడానికి ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టింది తనేనన్నాడు. అంతకు మించి అతనికేమీ తెలియదు.

చివరికి ఆ ఊళ్లోనే ఉన్న దీనమ్మ చెల్లెలు మార్తమ్మ ఇంటికి వెళ్లారు. అక్కచెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. నలభై ఏళ్లు ఆ వాకిట్లోనే చెరో కొసా పట్టుకుని కొబ్బరిపీచు తాళ్లు పేనారు. అరుగుమీద కొత్త తాడొకటి ఇంకా తడిగా ఉంది. ఝాన్సీ దాని రెండు కొసలూ తిప్పి చూసింది. గోడవార కొట్టిన బొండాలు పది దాకా ఉన్నాయి.

"ఇంటికెవరైనా వచ్చేరా అమ్మా?"

"ఎవరొస్తారండీ. అక్క పోయేక ఈ గుమ్మం తొక్కినోళ్లే లేరు."

"ఇన్ని బొండాలు?"

"నీరసంగా ఉండి తాగేనండి."

సాయంత్రం నాలుగింటికి అందరినీ వీర్రాజు వసారాలో కూర్చోబెట్టింది ఝాన్సీ.

"బుచ్చిరాజు గారి గాయం మానిపోయి పదేళ్లయింది. ఏ చెయ్యి దొంగిలించినా ఆయనకి పనికిరాదు. వీర్రాజు గారికి కావాలంటే అసలు దొంగతనమే అక్కర్లేదు. మార్తమ్మగారూ, ఆ తాడు ఇద్దరు పేనింది. మీ ఇంటికి ఎవరూ రాలేదన్నారు. మరి రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

"గుంజకి కట్టి పేనొచ్చు కదండీ?" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

"కడితే ఆ కొసన ముడి నలిగిన గుర్తు ఉంటుంది. అక్కడ లేదు. ఆ బొండాల నీళ్లు కూడా ఆవిడ తాగలేదు, చేతికి పోసింది."

దుర్గాశ్రీనివాస్ "ఆయ్" అని, మురిసిపోతూ ఝాన్సీని చూశాడు. ఝాన్సీ మురిసిపోలేదు. ఒంటరి ఇల్లంటే ఏమిటో ఆమెకి తెలుసు. తన వంటింట్లోనూ ఉన్నది ఒక్క కంచమే.

మార్తమ్మ ఏడవలేదు. లేచి వెళ్లి ఇంటి నుంచి బిందె తెచ్చింది. కొబ్బరినీళ్లలోంచి అక్క చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నన్నెవరూ అడగలేదండి. మగోడని అన్నయ్యనడిగేరు. కలిసి బతికింది నేను."

దానం తల దించుకున్నాడు. అతని సంతకం ఉంది కాబట్టి చెయ్యి లాక్కోవచ్చు. పొద్దు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతోంది. వీర్రాజు తొందరపడుతున్నాడు. ఝాన్సీ అతన్ని ఆపి అక్షయ వైపు తిరిగింది.

"మీరడగండి టీచరుగారూ."

అక్షయ నేలమీద కూర్చుంది. "మీ అక్కగారి చెయ్యి నాకిస్తారా అమ్మా?"

మార్తమ్మ ఆ వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది.

"పేనమంటే పేనిందమ్మా. నేను పట్టుకుంటే మాత్రం తిరిగి నన్ను పట్టుకోలేదు. నేనెవరో దీనికి తెలీదు." చేతిని పైటకొంగుతో తుడిచి అందించింది. "తీసుకో. ఇచ్చేను."

పొద్దుగూకే ముందే అంటు పట్టింది. కొత్తవేళ్లు కదిపి చూసుకుంటూ అక్షయ ఏడ్చేసింది. "ఎప్పుడైనా మా ఇంటికి రండమ్మా, చూసెళుదురు గాని."

"రానమ్మా." మార్తమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుంది. "వస్తే, మళ్లీ ఇచ్చెయ్యమంటాను."